ఎండలో పెట్టిన సెల్లులు

రాయచూరు నుండి లింగసుగూరు దారి పట్టి పాతిక కిలోమీటర్ల దాకా పోతే కల్లూరు వస్తుంది. రాతిగుట్టలు, పత్తిచేలు, కాలువ నీరందిన చోట వరిమళ్ళు. దేశంలోని పురావస్తు పండితులకు ఈ ఊరి పేరు తెలుసు. నిజాం కాలంలో ఇక్కడ దొరికిన రాగి కత్తులు అందుకు కారణం. వాటి పిడి కొస రెండుగా చీలి, పురుగు మీసాల్లా చెరొక వైపు వంగి ఉంటుంది. అలాంటి కత్తులు ఎక్కువగా దొరికింది గంగా యమునల నడుమ. అంత దూరపు పనితనం కృష్ణా తుంగభద్రల నడుమనున్న కల్లూరుకు ఎలా చేరిందన్న ప్రశ్న మీద పండితులు చాలా వాదించుకున్నారు. ఆ వాదంలోకి నేను పోను. నేను చెప్పదలచింది మరో రాగిని గురించి. ఈనాడు కల్లూరు రైతు భుజాన వేసుకునే మందుకొట్టే పంపులో, లిథియం సెల్లు లోపల, తలవెంట్రుక కంటే ఎంతో పలుచగా చుట్టిన రాగిరేకు ఒకటి ఉంటుంది. ఈ రాగి కూడా చాలా దూరం నుండే వచ్చింది. ఇది ఇక్కడికి ఎలా వచ్చింది, మన చేతులకు ఎలా అలవాటైంది, ఆ అలవాటులో ఎక్కడ పొరపాటు జరిగింది అన్నదే ఈ వ్యాసం.

ముందుగా మన సంగతి ఒక మాట. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం మూడు ముక్కలైనప్పుడు రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసింది. జిల్లాలోని గద్వాల, ఆలంపూరు తాలూకాలు మాత్రం ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. గీత ఇవతల మిగిలిన తెలుగువాళ్ళం మనం. ఆ తర్వాత తుంగభద్ర ఎడమ కాలువ కింద భూములు కొనుక్కుని కోస్తా జిల్లాల రైతులు వచ్చి క్యాంపులు కట్టుకున్నారు. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, మెకానిక్కు షాపులో దక్కనీ ఉర్దూ. మన బ్యాటరీ పరిజ్ఞానమంతా ఈ మూడు భాషల కలగూరగంపలోనే పెరిగింది. అది పుస్తకంలోంచి రాలేదు. చేతి నుండి చేతికి వచ్చింది. దాని బలమూ అదే, బలహీనతా అదే.

మొదటి పాఠం: ఎండ

మా తరానికి తొలి బ్యాటరీ టార్చిలైటులోని సెల్లు. ఆ తర్వాత ట్రాన్సిస్టరు రేడియోలో సెల్లు. 1866లో ఫ్రాన్సు దేశంలో లెక్లాంషే అనే ఇంజనీరు చేసిన తడి సెల్లుకు మనవడు ఇది. పైన జింకు డబ్బా, మధ్యలో బొగ్గుకడ్డీ, నడుమ నల్లటి మాంగనీసు మసాలా. 1970లలో నెల్లూరు సీమలో నిప్పో సెల్లుల తయారీ మొదలయ్యాక ఆ పేరూ, అంతకు ముందే వచ్చిన ఎవరెడీ పేరూ మన ఊళ్ళలో గోడలకెక్కాయి.

సెల్లు దిగిపోతే పారేసే రోజులు కావవి. వార్తలు వినిపించీ వినిపించకుండా గొణుగుతున్నప్పుడు తాతయ్య సెల్లులు విప్పి అరుగు మీద ఎండలో పెట్టేవాడు. సాయంత్రానికి అవి మళ్ళీ పలికేవి. అది మంత్రం కాదు, అబద్ధమూ కాదు. వేడికి లోపలి రసాయన చర్య కొంచెం చురుకవుతుంది, విశ్రాంతి వల్ల సెల్లు కాస్త తేరుకుంటుంది. మరీ నీరసపడితే పంటితో నొక్కేవాళ్ళం, లేదా రాతితో మెల్లగా కొట్టేవాళ్ళం. మసాలా కడ్డీకి దగ్గరై మరో పూట నడిచేది. పూర్తిగా చచ్చాక పిల్లలం పగలగొట్టి కడ్డీ తీసుకుని గోడల మీద రాసేవాళ్ళం. ఎవరికీ ఏమీ కాలేదు.

సెల్లుకు వేడి మంచిదే, నొక్కినా కొట్టినా పరవాలేదు, విప్పి చూడవచ్చు. మన చేతులకు అందిన మొదటి పాఠం ఇది.

రెండో పాఠం: రాత్రంతా

తర్వాత వచ్చింది సీసపు బ్యాటరీ. 1859లో ప్లాంటే అనే మరో ఫ్రెంచివాడు సీసపు రేకులను గంధకికామ్లంలో ముంచి, తిరిగి నింపుకోగల బ్యాటరీని తొలిసారి చేశాడు. ట్రాక్టరుతో, లారీతో అది మన ఊళ్ళకు వచ్చింది. దాని వైభవం చూడాలంటే 1987 నుండి 1990 దాకా ఆదివారాలను గుర్తు చేసుకోవాలి. ముందు రామాయణం, ఆ వెనుక మహాభారతం. కరెంటు సరిగ్గా తొమ్మిది గంటలకు పోయేది. అప్పుడు ట్రాక్టరు బ్యాటరీని విప్పి తెచ్చి నలుపు తెలుపు టీవీకి తగిలించేవారు. బ్యాటరీ ఉన్న ఆసామి ఇంటి ముందు ఊరంతా కూర్చునేది. శనివారం నాడు సైకిలు క్యారియరు మీద గోనెపట్టా వేసి బ్యాటరీని చార్జింగు షాపుకు తీసుకెళ్ళడం ఒక ఉద్యోగం.

ఆ షాపులో బెంచీ మీద బ్యాటరీలు వరసగా, తీగలతో ఒకదానికొకటి గొలుసుకట్టి ఉండేవి. రాత్రంతా చార్జింగు. నిండిందో లేదో తెలుసుకోవడానికి మీటరు అక్కరలేదు. మూత తీసి చూస్తే బుడగలు వస్తుంటాయి, చెవి దగ్గర పెడితే సలసల వినపడుతుంది. నిండిన తర్వాత కూడా కరెంటు పోతూనే ఉంటే అది నీటిని విడగొట్టి వాయువులుగా పైకి పంపేస్తుంది. తెల్లారి కాస్త డిస్టిల్డు వాటరు పోస్తే సరిపోయేది. అంటే సీసపు బ్యాటరీ మన నిర్లక్ష్యాన్ని ఆవిరి చేసి పంపేసేది. దాని దగ్గరా ప్రమాదం లేకపోలేదు. ఆ వాయువుల్లో హైడ్రోజను ఉంది. బీడీ ముట్టించి మూత తీసి మొహం కాల్చుకున్నవాళ్ళు ఉన్నారు. కాని మొత్తం మీద అది ఓర్పు గల పశువు. ఎక్కువ మేపినా అరిగించుకునేది.

షాపువాడు నేర్పిన మరో విద్య కూడా ఉంది. రెండు కొసల మధ్య తీగ ముక్క ఒక్కసారి ఆనించి, నిప్పురవ్వ ఎంత లేచిందో చూసి బ్యాటరీ బలం చెప్పడం. అలాగే పనిలేని నెలల్లో దాన్ని నింపి ఉంచాలని, ఖాళీగా ఉంచితే రేకులు పాడవుతాయని కూడా అతనే చెప్పేవాడు. సీసానికి ఆ మాట అక్షరాలా నిజం.

రాత్రంతా పెట్టవచ్చు, నిండితే అదే చెబుతుంది, రవ్వ చూసి బలం తెలుసుకోవచ్చు, దాచేటప్పుడు నింపి దాచాలి. ఇది రెండో పాఠం.

దూరపు చుట్టం

లిథియం అనే లోహాన్ని 1817లో స్వీడను దేశపు ఆర్ఫ్‌వెడ్‌సన్ ఒక రాతి ఖనిజంలో గుర్తించాడు. లోహాలన్నిటిలోకీ తేలికైనది. నీటి మీద తేలుతుంది, నీటితోనే చర్యకు దిగుతుంది. దాన్ని బ్యాటరీలోకి తేవడానికి నూట యాభై ఏళ్ళకు పైగా పట్టింది. 1970లలో అమెరికాలో ఒక చమురు కంపెనీ ప్రయోగశాలలో పనిచేస్తూ విటింగ్‌హామ్ మొదటి మెట్టు కట్టాడు. 1980లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో గుడినఫ్ కోబాల్టు ఆక్సైడుతో వోల్టేజీని పెంచాడు. 1985లో జపానులో యోషినో శుద్ధ లిథియం లోహాన్ని పక్కనబెట్టి, దాని బదులు కార్బనులో లిథియం అయానులు వచ్చిపోయే ఏర్పాటు చేశాడు. 1991లో సోనీ కంపెనీ దాన్ని అంగట్లోకి తెచ్చింది. ఈ ముగ్గురికీ 2019లో నోబెలు బహుమతి వచ్చింది. అప్పటికి గుడినఫ్ వయస్సు 97.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. యోషినో శుద్ధ లోహాన్ని ఎందుకు వదిలాడు? మళ్ళీ మళ్ళీ చార్జి చేస్తుంటే లిథియం లోహం సూదుల్లా పెరిగి, నడుమనున్న పలుచని పొరను చీల్చి, లోపలే షార్టు చేస్తుంది గనుక. 1989లో కెనడా కంపెనీ ఒకటి లోహపు లిథియంతో చేసిన బ్యాటరీలు జపానులో ఫోనుల్లో మంటలు లేపితే, వాటన్నిటినీ వెనక్కి తీసుకోవలసి వచ్చింది. అంటే ఈ బ్యాటరీ చరిత్రలో నిప్పు మొదటి నుండీ ఒక పాత్ర. ఆ నిప్పును అదుపులో పెట్టడమే దీని చరిత్రలో సగం. 1997లో గుడినఫ్ బృందమే టెక్సాసులో ఐరన్ ఫాస్ఫేటుతో మరో రకం సెల్లును ప్రకటించింది. ఆ పరిశోధనలో ముందున్న అక్షయ పాఢీ మన దేశంవాడే. ఈ రకానికి వోల్టేజీ కాస్త తక్కువ, బరువు కాస్త ఎక్కువ, నిప్పుకు లొంగే గుణం మాత్రం బాగా తక్కువ. ఈ తేడాను పాఠకులు గుర్తుంచుకోవాలి. మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

మన సీమకు లిథియం సెల్లు మొదట సెల్‌ఫోనులో వచ్చింది, తర్వాత ల్యాప్‌టాప్‌లో, పవర్ బ్యాంకులో. చివరికి పొలానికి వచ్చింది. పత్తికి మందుకొట్టే బ్యాటరీ పంపు పదహారు లీటర్లది. నీళ్ళే పదహారు కిలోలు. దాని అడుగున 12 వోల్టుల సీసపు బ్యాటరీ రెండు కిలోల పైచిలుకు. అదే శక్తినిచ్చే లిథియం ప్యాకు ఒక కిలో లోపే. రోజంతా సాళ్ళ వెంట తిరిగే కూలీ మనిషి నడుముకు ఆ కిలోన్నర ఎంతో చెప్పనక్కరలేదు. పైగా సీసపు బ్యాటరీ ఒకటి రెండు కాలాలకే నీరసించేది. అందుకే కుర్రవాళ్ళు పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలు విప్పి, అందులోని గొట్టపు సెల్లులు తీసి, సొంతంగా ప్యాకులు కట్టడం నేర్చారు. ఆ సెల్లు పేరు 18650. అంటే 18 మిల్లీమీటర్ల అడ్డుకొలత, 65 మిల్లీమీటర్ల పొడవు. చూడడానికి మన పాత టార్చి సెల్లుకు తమ్ముడిలా ఉంటుంది. వచ్చిన చిక్కంతా ఆ పోలికతోనే.

పదేళ్ళ చార్జరు

మా బంధువుల ఇల్లొకటి కల్లూరు దగ్గర ఉంది. ఆ ఇంటి అబ్బాయి డిప్లొమా చదివినవాడు, చేతిపని తెలిసినవాడు. పన్నెండు సెల్లులు తీసుకుని, నాలుగేసి పక్కపక్కన కలిపి, అలాంటి మూడు వరసలను గొలుసుకట్టి ప్యాకు చేశాడు. పంపులో అమర్చాడు. నాలుగు రోజులు బ్రహ్మాండంగా పనిచేసింది. దానికి బీఎంఎస్ అనే కాపలా పలక కూడా మొదట పెట్టాడు. కాని మోటారు తిరగడం మొదలుపెట్టే క్షణంలో కరెంటు ఎక్కువ లాగుతుంది, పలక వెంటనే కట్ చేస్తుంది. పొలంలో మాటిమాటికీ ఆగిపోతుంటే విసుగెత్తి పలకను తప్పించి తీగలు నేరుగా కలిపేశాడు.

చార్జింగుకు వాళ్ళింట్లో పాత చార్జరు ఉండనే ఉంది. సీసపు బ్యాటరీది. దాని మీద 12 వోల్టులు అని రాసి ఉంది, ప్యాకు కూడా దాదాపు 12 వోల్టులే. ఒక రాత్రి పొలం నుండి వచ్చి, పంచలో గోనెసంచుల పక్కన పంపు పెట్టి, ప్లగ్గు గుచ్చి పడుకున్నారు. తెల్లవారుజామున ముసలావిడకు తియ్యటి, ఘాటైన వాసన తగిలి మెలకువ వచ్చింది. ఆ వెంటనే బుస్సుమని చప్పుడు. ఆవిడ పక్కన పడుకున్న మనవరాలిని చంకనెత్తుకుని వాకిట్లోకి వచ్చేసరికి పంపు మండుతోంది. సెల్లులు ఒకదాని తర్వాత ఒకటి టపాకాయల్లా పేలాయి. పశువుల తొట్టిలోని నీళ్ళు బిందెలతో పోసి ఆర్పారు. సంచులు కాలాయి, పంచ వాసాలు నల్లబడ్డాయి. ఎవరికీ ఏమీ కాలేదు.

నేను వెళ్ళేసరికి ఇంటి పెద్దాయన ఆ చార్జరును చేతిలో పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన ఒక్కటే మాట పదేపదే అంటున్నాడు: "పదేళ్ళుగా ఇదే చార్జరు బాబూ. ఒక్కనాడూ ఏమీ కాలేదు."

ఆయన చెప్పింది నిజం. ఆ నిజంలోనే ప్రమాదం ఉంది. లెక్క చూద్దాం. 12 వోల్టుల సీసపు బ్యాటరీ చార్జరు సుమారు 14.4 వోల్టుల దాకా ఇస్తుంది. నాసిరకపువి ఇంకా పైకి పోతాయి. ఆ ప్యాకులో మూడు వరసలు. 14.4ను మూడుతో భాగిస్తే ఒక్కో సెల్లుకు 4.8 వోల్టులు. ల్యాప్‌టాప్ సెల్లుకు హద్దు 4.2 వోల్టులు. ఆ గీత దాటాక లిథియం కార్బనులో ఇమడక, దాని పైన లోహంగా పేరుకుంటుంది. యోషినో దేన్ని తప్పించాడో అదే తిరిగి వస్తుంది. రెండో వైపు కోబాల్టు ఆక్సైడు కట్టడం కూలి ప్రాణవాయువును వదులుతుంది. నడుమనున్న ప్లాస్టిక్కు పొర సుమారు 130 డిగ్రీల వేడికి కరుగుతుంది. లోపలున్నది నీరు కాదు, మండే ద్రవం. మండేదీ, మండించేదీ రెండూ ఒకే గొట్టంలో ఉన్నాయి గనుక బయటి గాలితో దానికి పనిలేదు. ఒక సెల్లు వేడి పక్క సెల్లును రాజేస్తుంది.

ఇవన్నీ జరిగేటప్పుడు బయటికి ఏమైనా కనబడుతుందా? బుడగ లేదు, సలసల లేదు, పోయాల్సిన నీళ్ళు లేవు. సీసం నిండితే చెప్పేది. లిథియం చెప్పదు. ఎక్కువైనదాన్ని ఆవిరి చేసి పంపే దారి దానికి లేదు. అది ఓర్పు గల పశువు కాదు. పాత అలవాట్లను ఒక్కొక్కటే దీని ముందు పెట్టి చూడండి. ఎండలో పెడితే పాడవుతుంది. నొక్కినా కొట్టినా లోపల షార్టవుతుంది. విప్పితే నిప్పు. తీగ ఆనించి రవ్వ చూస్తే ఆ తీగే ఎర్రగా కాలుతుంది. రాత్రంతా పెడితే చూసే దిక్కు లేదు. నింపి దాస్తే త్వరగా ముసలిదవుతుంది. మన చేతులు నూరేళ్ళలో నేర్చిన మంచి విద్య అంతా ఇక్కడ తలకిందులైంది. ఆ అబ్బాయి తెలివితక్కువవాడు కాడు. తాత నేర్పిన విద్యను కొత్త వస్తువుకు వాడాడు, అంతే.

కట్టే చేతులకు, చార్జి పెట్టే చేతులకు

ప్యాకులు కట్టవద్దని నేను చెప్పబోవడం లేదు. చెప్పినా ఎవరూ వినరు, వినాలని కూడా లేదు. అవసరం ఉన్నచోట చేతిపని ఉంటుంది. అయితే దాని నియమాలు మన భాషలో ఉండాలి.

అన్నిటికంటే ముందు సెల్లు రకం. 12 వోల్టుల పంపుకు ఐరన్ ఫాస్ఫేటు సెల్లులు నాలుగు వరసలుగా కడితే 12.8 వోల్టులవుతుంది. ఒక్కో సెల్లుకు హద్దు 3.65, నాలుగింటికీ కలిపి 14.6. ఇవి కోబాల్టు రకం కంటే బరువే గాని, ఇంట్లో ఉంచుకోవడానికి మేలు. కొత్తవి, ఒకే కంపెనీవి, ఒకే రోజు కొన్నవి వాడాలి. పాత సెల్లులే గతి అయితే, రెండు వోల్టుల కిందికి దిగినదాన్ని మళ్ళీ బతికించే ప్రయత్నం చేయవద్దు. ఇక్కడ మన రాగి కథ మళ్ళీ వస్తుంది. సెల్లు మరీ ఖాళీ అయితే లోపలి రాగిరేకు కరిగి ద్రవంలో కలుస్తుంది. తిరిగి చార్జి పెట్టినప్పుడు అది తోచిన చోటల్లా పేరుకుని లోపల షార్టుకు దారి తీస్తుంది. కల్లూరు మట్టిలో యుగాలపాటు చెక్కుచెదరని రాగి, ఈ గొట్టంలో ఒక కాలం నిర్లక్ష్యానికే కరుగుతుంది. మిగిలిన సెల్లులను నింపి రెండు వారాలు పక్కన పెట్టాలి. ఆ తర్వాత వోల్టేజీ దిగిపోయినవాటిని ఏరివేయాలి. పక్కపక్కన కలిపే సెల్లుల వోల్టేజీ ముందే సమానంగా ఉండాలి. లేకుంటే కలిపిన క్షణంలోనే ఒకదానిలోంచి మరొకదానిలోకి వరదలా పారుతుంది.

సెల్లు మీద నేరుగా టంకం పెట్టవద్దు, ఆ వేడికి లోపలి పొరలు దెబ్బతింటాయి. నికెలు పట్టీని స్పాట్ వెల్డింగు చేయాలి. పట్టీ నిజమైన నికెలో, పైపూత పూసిన ఇనుమో తెలియాలంటే ఒక ముక్కను గీకి ఉప్పునీళ్ళలో వేయండి. ఒకటి రెండు రోజుల్లో తుప్పు కనిపిస్తే అది ఇనుము. సెల్లుకు పాజిటివు కొస చుట్టూ ఇన్సులేషను కాగితపు వలయం తప్పక ఉండాలి. అక్కడ రెండు కొసలకూ మధ్య ఎడం పలుచని ప్లాస్టిక్కు పొర మాత్రమే. ప్యాకుకు ఫ్యూజు, గట్టి పెట్టె, మందునీళ్ళు చొరబడని మూత ఉండాలి.

ఇక కాపలా పలక. అది మాటిమాటికీ కట్ చేస్తోందంటే పలక చెడ్డదని కాదు, మోటారుకు చాలనిదని అర్థం. పెద్ద ఆంపియర్ల పలక తెచ్చుకోవాలే గాని, కుక్క మొరుగుతోందని కుక్కను తరిమేయకూడదు. ప్రతి వరసనూ విడివిడిగా కొలిచి, ఏ ఒక్కటి హద్దుకు చేరినా చార్జింగు ఆపేది ఆ పలకే. మొత్తం వోల్టేజీ సరిగ్గా ఉన్నా ఒక వరస తక్కువగా, మరో వరస ఎక్కువగా ఉండవచ్చు. చార్జరుకు ఆ తేడా తెలియదు, పలకకు తెలుస్తుంది.

చార్జింగును బిందె నింపడంతో పోల్చవచ్చు. మెడ దాకా కొళాయిని ఒకే ధారగా వదులుతాం. మెడ దగ్గరికి రాగానే ధార సన్నం చేస్తాం. నిండాక కట్టేస్తాం. లిథియం చార్జరు చేసేది సరిగ్గా ఇదే. ముందు ఒకే ఆంపియరు, హద్దు వోల్టేజీకి వచ్చాక వోల్టేజీని అక్కడే నిలిపి ఆంపియరును తగ్గించుకుంటూ పోయి, చివరికి ఆపేస్తుంది. నిండిన తర్వాత సన్నధార వదిలే పాత పద్ధతి దీనికి పనికిరాదు. 8 ఆంపియర్-అవర్ ప్యాకుకు 2 ఆంపియర్ల చార్జరు చాలు. తొందర వద్దు. చార్జరు మీద 12 వోల్టులు అని ఉంటే చాలదు, ఏ రకం సెల్లుకు, ఎన్ని వరసలకు అన్నది చూసుకోవాలి.

చార్జి ఎక్కడ పెట్టాలి? మన ఇళ్ళలో శాబాదు బండలు ఉండనే ఉన్నాయి. వాకిట్లో, నీడన, బండ మీద, చుట్టూ గోనె, పత్తి, మందుడబ్బాలు లేని చోట పెట్టండి. పడకగదిలో వద్దు, బయటికి పోయే తలుపు దగ్గర వద్దు. మనిషి మేలుకుని ఉండగానే పెట్టండి. పొలం నుండి తేగానే పెట్టవద్దు, చల్లారనివ్వండి. 45 డిగ్రీలు దాటిన సెల్లును చార్జి చేయరాదు. మన రాయచూరు ఎండాకాలంలో రేకుల షెడ్డు కింద ఆ వేడి ఎంతసేపట్లో వస్తుందో మీకు తెలియంది కాదు. పత్తి అయిపోయి పంపు మూలకు చేరే నెలల్లో సగం చార్జితో, తీగ విప్పి, చల్లని చోట దాచండి.

వాసన, పొగ, బుస్సుమనే చప్పుడు వస్తే దగ్గరికి పోవద్దు. ఆ పొగ విషం. దూరం నుండి మెయిను ఆపగలిగితే ఆపి, మనుషులను బయటికి తీయడమే మొదటి పని. కరెంటు తీశాక దూరం నుండి నీళ్ళు ధారాళంగా పోయాలి. మంట ఆర్పడం కంటే పక్క సెల్లులను చల్లార్చడం అక్కడ ముఖ్యం. ఆరిన ప్యాకు గంటల తర్వాత మళ్ళీ అంటుకోవచ్చు. దాన్ని ఇంట్లోకి తేవద్దు.

ఇది భయపెట్టడానికి రాస్తున్నది కాదు. 2022 ఏప్రిలులో ఒక్క వారంలోనే నిజామాబాదులో ఒక వృద్ధుడు, విజయవాడలో ఒక గృహస్థుడు, ఇంట్లో చార్జింగు పెట్టిన స్కూటరు బ్యాటరీలు పేలి చనిపోయారు. అదే ఏడు సెప్టెంబరు 12న సికింద్రాబాదులో ఒక హోటలు కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మంటలు లేచాయి. పొగ పై అంతస్తులకు పాకి ఎనిమిది మంది ప్రాణాలు పోయాయి. ఇవి కంపెనీలు అమ్మిన బండ్ల సంగతులు. ఆ తర్వాత కేంద్ర ప్రభుత్వం బండ్ల బ్యాటరీల నిబంధనలు బిగించి, 2022 డిసెంబరు నుండీ 2023 మార్చి ఆఖరు నుండీ రెండు విడతలుగా అమలు చేసింది. సెల్లుల నాణ్యత, కాపలా పలక, చార్జరు, ఒక సెల్లు వేడి మరొకదానికి పాకకుండా కట్టడి అన్నీ అందులో చేరాయి. కాని కల్లూరు పంచలో కట్టిన పంపు ప్యాకును పరీక్షించడానికి ఏ అధికారీ రాడు. అక్కడ పరీక్షాధికారి కట్టినవాడే.

మాటగా అందని విద్య

ఈ కథలో మరో మలుపు ఉంది. ఒకప్పుడు మనకు పొరుగు జిల్లా అయిన మహబూబ్‌నగర్‌లో, దివిటిపల్లి దగ్గర, 2023 మేలో అమరరాజా వారి లిథియం సెల్లుల కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. ప్రకటించిన పెట్టుబడి 9,500 కోట్ల రూపాయలు. 1985లో తిరుపతి దగ్గర సీసపు బ్యాటరీలతో మొదలైన సంస్థ అది. కర్ణాటకలోనే మండ్య జిల్లా మార్లగల్లలో 1,600 టన్నుల లిథియం ఉన్నట్టు అంచనా వేశారు. మన జిల్లాలో లింగసుగూరు వైపు అమరేశ్వర ప్రాంతపు రాళ్ళలోనూ లిథియం కోసం వెదికారు. దూరం నుండి వచ్చిన చుట్టం మెల్లగా ఇరుగుపొరుగు అవుతోంది. సెల్లులు ఇంకా చవకవుతాయి, ప్యాకులు కట్టే చేతులు ఇంకా పెరుగుతాయి.

మరి వాటి వెంట మాట వస్తుందా? నేను చూసిన సెల్లుల మీద, చార్జర్ల మీద, పలకల మీద తెలుగు లేదు, కన్నడమూ లేదు. చిన్న అక్షరాలతో ఇంగ్లీషు, దాని పక్కన చైనా లిపి. సీసపు బ్యాటరీ కాలంలో షాపువాడి నోట దక్కనీలోనో తెలుగులోనో ఒక మాట వచ్చేది. అది సగం తప్పయినా మన చెవికి అందేది. ఇప్పుడు వస్తువు పార్సెల్లో నేరుగా ఇంటికి వస్తోంది, మాట రావడం లేదు. గీత ఇవతల మిగిలిన భాషవాళ్ళకు ఇది కొత్త అనుభవం కాదు. భూమి కాగితాలు, కోర్టు నోటీసు, మందు సీసా మీద హెచ్చరిక ఇలాగే మన చేతికి వచ్చి నోరు విప్పకుండా ఉండిపోయాయి. తేడా ఏమిటంటే, ఇది రాత్రిపూట పంచలో, పిల్లల పక్కన ఉంటుంది.

మొన్న మళ్ళీ కల్లూరు వెళ్ళాను. ఆ అబ్బాయి ఐరన్ ఫాస్ఫేటు సెల్లులతో, పెద్ద పలకతో కొత్త ప్యాకు కట్టాడు. వాకిట్లో శాబాదు బండ మీద, వేపచెట్టు నీడన చార్జి పెట్టి, పక్కనే మంచం వాల్చుకుని కూర్చున్నాడు. పాత చార్జరును పారేయలేదు. ట్రాక్టరు బ్యాటరీకి అది ఇప్పటికీ పనికొస్తుంది. మేకుకు తగిలించి, దాని మీద ఎర్ర రంగుతో తెలుగులోనూ కన్నడంలోనూ రాశాడు: "సీసానికి మాత్రమే."

అది చూసి పెద్దాయన అన్నాడు: "ఇది ముందే ఎవడో ఒకడు రాసి పెట్టి ఉంటే ఎంత బాగుండేది బాబూ."